నూనె విడిపోయేదాకా

"అరగంట. ఎవరూ దీన్ని కదపొద్దు," అని చెప్పి మేస్త్రి గాజు గ్లాసును ఇనప బల్ల మీద, కిటికీలోంచి వెలుగు పడేచోట పెట్టాడు. కారు స్టీరింగును తేలిగ్గా తిప్పనిచ్చే నూనె అది. బానెట్ కింద ఉండే చిన్న డబ్బాలోంచి పెద్ద సిరంజితో లాగి తీశాడు. ఎర్రగా నిగనిగలాడాల్సింది నురగ కట్టి, మసకబారి, పుండు కడిగిన నీళ్లలా ఉంది. "ఇందులో ఇంకేదో కలిసింది. కదిలిస్తున్నంతసేపూ ఒకటిగానే కనిపిస్తాయి. ఊరికే వదిలేస్తే దేని దారి అది చూసుకుంటుంది. అప్పుడు తెలుస్తుంది ఏం కలిసిందో," అన్నాడు, ఎవరితోనూ కాకుండా గ్లాసుతోనే అన్నట్టు. ఆ మాటకు, గోడవార బెంచీగా వేసిన పాత కారు సీటు మీద కూర్చున్న ఆమె కొంగు కొసను పిడికిట్లోకి లాక్కుంది. సీటులో ఒక స్ప్రింగు పైకి పొడుచుకొచ్చి గుచ్చుతోంది, అయినా పక్కకు జరగలేదు. గుచ్చనీ. జరిగితే చప్పుడవుతుంది, చప్పుడైతే మేస్త్రి ఇటు చూస్తాడు, చూస్తే మొహంలో కనిపించేస్తుంది. బయట వీధిలో కూతురు అటూ ఇటూ తిరుగుతూ ఫోనులో ఒక్కొక్కరికీ చెబుతోంది, ఇవాళ డ్రైవింగ్ క్లాసు లేదండీ, రేపూ చెప్పలేనండీ, బండి షెడ్డులో ఉందండీ, అని. ప్రతి "అండీ" ఒక చిన్న సుత్తి దెబ్బలా తలుపు దాటి లోపలికి వచ్చి పడుతోంది.

ఏం కలిసిందో ఆమెకు తెలుసు. ఇందాకటిదాకా తెలియదు, అదొక్కటే నిజాయితీగా చెప్పుకోగలిగిన మాట. మేస్త్రి ఆ నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, కనుబొమలు ముడిచిన క్షణంలో తెలిసిపోయింది. తొమ్మిది రోజుల కిందట, మధ్యాహ్నం, కూతురు భోంచేసి కాస్త నడుం వాల్చిన వేళ. అంతకు ముందు వారమంతా ఆ శబ్దం. మేడ మీద వరండాలో బట్టలు ఆరేస్తుంటే కింద కారు మలుపు తిరిగేది, తిరిగేటప్పుడు ఊఁ... అని మూలిగేది. జ్వరంలో ఉన్న పిల్ల పక్క మార్చుకునేటప్పుడు మూలిగినట్టు. ఆమె చేతిలోని తడి దుప్పటి అలాగే జారిపోయేది. కీడెంచి మేలెంచమంటారు పెద్దలు, ఆమెకు ఆ కీడెంచడంతోనే పొద్దు గడిచిపోయేది, మేలెంచడానికి తీరిక దొరికేది కాదు. మూలిగింది, అంటే రేపు విరుగుతుంది, విరిగితే వంతెన మీదే విరుగుతుంది, వంతెన మీద విరిగితే కిందంతా నీళ్లే. భర్త బతికున్న రోజుల్లో అనేవాడు, నీ ఆలోచనకు మధ్యలో స్టేషన్లుండవే, ఎక్కితే నేరుగా శ్మశానంలోనే దిగుతుంది, అని. నవ్వేవాడు. ఆయన పోయాక ఆ మాటకు నవ్వేవాళ్లు లేరు, ఆలోచన మాత్రం టికెట్టు లేకుండానే తిరుగుతోంది.

శబ్దం వచ్చిన వెంటనే కూతురు బండి తెచ్చి ఇక్కడే చూపించింది. గొట్టం దగ్గర కాస్త ఊరుతోందని మేస్త్రి బిగించి, తగ్గినంత నూనె పోసి, "పాత బండి కదమ్మాయ్, లోపలికి గాలి పోయుంటుంది. ఓ వారం పది రోజులు మూలిగినా మూలగొచ్చు, దానంతటదే సర్దుకుంటుంది," అన్నాడట. కూతురు నమ్మింది. కూతురు మనుషుల్ని నమ్ముతుంది, ఆ గుణం తండ్రిది. ఆమె ఎలా నమ్ముతుంది? తగ్గిందనే కదా మేస్త్రి నూనె పోసింది, ఇంకా మూలుగుతోందిగా, అంటే చాల్లేదన్నమాట. ఇంట్లో తలుపు చాటున సీసా ఒకటి ఉంది. వేసవిలో బ్రేకు నూనె మార్చినప్పుడు మిగిలింది మేస్త్రే ఇచ్చి పంపాడు. చేతిలోకి తీసుకుని చూసుకుంది. బండిలో వంద భాగాలున్నాయి, వాటిలో ఆమెకు నమ్మకం ఉన్నది ఒక్కటే, బ్రేకు. మిగతావన్నీ బండిని ముందుకు తోసేవే, అదొక్కటే ఆపేది. ఆపేదే కదా ప్రాణం నిలిపేది. బ్రేకుకు పోసే నూనె అన్నిటికన్నా గట్టిదై ఉంటుంది, స్టీరింగుకు కాస్త పోస్తే మంచే కానీ చెడు జరగదు అనుకుంది. అంత తెలివిగా అనుకుంది. బానెట్ ఎత్తడం కూతురు ఎత్తుతుంటే చూసి నేర్చుకున్నదే, ఏ డబ్బానో గొట్టం బిగించిన చోటు నుంచి వేలితో వెంబడించి పట్టుకుంది. పోసి, మూత బిగించి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, వెళ్లి కూతురి పక్కన కూర్చుని ఆమె నిద్రపోతుంటే చూసింది. చాలా రోజుల తరువాత ఆ మధ్యాహ్నం తనకూ నిద్ర పట్టింది. ఆ నిద్ర తలుచుకుంటేనే ఇప్పుడు సిగ్గేస్తోంది. పిల్లకు విషం పోసి జోలపాడి తనూ పడుకున్నట్టు.

ఇవాళ పొద్దున నాలుగు రోడ్ల కూడలిలో స్టీరింగు బిగుసుకుపోయింది. నడుపుతున్నది కూతురు కాదు, నేర్చుకోవడానికి వచ్చినావిడ, ఇద్దరు పిల్లల తల్లి, ఐదో రోజు క్లాసు. తిప్పితే తిరగలేదట, కారు పేవ్‌మెంటు ఎక్కి చెత్తకుండీకి ఆనుకుని ఆగిందట. కూతురు పక్క సీట్లోంచి తన కాలి కిందున్న రెండో బ్రేకు తొక్కబట్టి సరిపోయింది. దెబ్బలేం లేవు. ఆవిడ మాత్రం దిగి, రోడ్డు పక్కన చతికిలబడి, చెప్పులు విడిచి, కాసేపు పాదాలు నేలకు ఆనించుకుని కూర్చుందట. ఇంకెప్పుడూ చక్రం ముట్టుకోనని చెప్పి ఆటో ఎక్కి వెళ్లిపోయిందట. ఆ "అట"లన్నీ వింటూ ఆమె కూతురి చెయ్యి పట్టుకుని, చెప్పానా, ఆ బండి మంచిది కాదని చెప్పానా, అని ఏడ్చింది. ఏడుస్తూ తనే షెడ్డుకు పదమంది. వెంట వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె భయపడ్డది ఒక్కటీ జరగలేదు, జరగకుండా చూడబోయి తన చేత్తోనే జరిపించింది.

ఈ మేస్త్రిని వీధిలో అందరూ చెవి మేస్త్రి అంటారు. కంప్యూటరు పెట్టి చూసే షెడ్లు పక్క సందులో రెండున్నాయి, ఈయన మాత్రం పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి పక్కనున్న ఎముకకు ఆనించుకుని వింటాడు. ఏడిస్తే పంపు, కీచుమంటే బెల్టు, టక్కుమంటే కింద చక్రాల్ని తిప్పే కడ్డీ. ఇంకో పద్ధతి కూడా ఉంది ఆయనకు, తను విన్నది బండి తెచ్చినవాళ్లకు కూడా వినిపించకుండా మరలు విప్పడు. నేను చెప్పానని నమ్మొద్దు, మీ చెవితో మీరు వినండి, అంటాడు. ఇందాక కూతురిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగును బలమంతా పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పమని, "మీరు రండమ్మా" అని ఆమె చెవికి పిడిని ఆనించాడు. బయటికి మూలుగులా ఉన్నది లోపల మూలుగు కాదు, గొంతుకు ఏదో అడ్డం పడ్డ జీవం గుటక కోసం కొట్టుకుంటున్నట్టు గరగర, మధ్యలో ఆగి, మళ్లీ గరగర. తను చేసిన పని తన చెవి ఎముకలోంచి లోపలికి ఎక్కింది. "విన్నారా?" అన్నాడు. విన్నానని తలూపింది. అప్పటికింకా అది తన పనేనని తెలియదు, అయినా పిడిని చెవి నుంచి తోసేసింది, ఒళ్లు ముందే తెలుసుకున్నట్టు.

తరువాత ఆయన నూనె వాసన చూడటం, కనుబొమలు ముడవటం. కారు దిగిన కూతురు వెంటనే, "బాబాయ్, ఈ మధ్య మీరు తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఏం పోశారు మీరు?" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. మేస్త్రి గ్లాసు కోసం వెతికాడు. వెనక గదిలో ఆయన భార్య కారు సీట్లకు తొడుగులు కుడుతుంది, అప్పటిదాకా ఆగకుండా ఆడుతున్న కుట్టు మిషను ఆ మాటకు ఆగింది. మళ్లీ మొదలవలేదు. ఎవరైనా అప్పుడే చెప్పేస్తారు. ఎవరూ ముట్టుకోలేదు అన్న మాటకూ నేనే ముట్టుకున్నాను అన్న మాటకూ మధ్య ఎంత దూరం, ఊపిరంత. ఆమె నోరు తెరిచింది కూడా. తెరిచి, మూసుకుంది. తేలు కుట్టిన దొంగకైనా తేలు బయటి నుంచి కుడుతుంది.

ఎందుకు చెప్పలేదు? కూతురికి భయపడి. కూతురు కొడుతుందా, తిడుతుందా? కాదు. ఊరుకుంటుంది. అమ్మా నువ్వు దేన్నీ ముట్టుకోకు అని ఒకసారి అంటుంది, మెత్తగా, ఆ తరువాత ఇంట్లో గ్యాసు కట్టేశావా అని తను అడగాల్సింది పోయి కూతురు తనను అడుగుతుంది. తాళంచెవులు పైఅరలోకి వెళ్లిపోతాయి. పక్కింటావిడ అత్తగారికి అలాగే జరిగింది, ముందు అగ్గిపెట్టె, తరువాత కత్తిపీట, ఆఖరికి ఆవిడ మందులు ఆవిడకే లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు. చూశావా, మళ్లీ స్టేషన్లు లేకుండా ఎక్కడికో. అక్కడ ఒక ముసలాయన తన తప్పేమిటో వెతుక్కుంటుంటే ఇక్కడ నువ్వు నీ అగ్గిపెట్టె గురించి ఏడుస్తున్నావు.

ఇది మొదటిసారి కూడా కాదు. కూతురికి పదమూడేళ్లప్పుడు ఈత పోటీలు, నలుగురు పిల్లలు ఒకరి తరువాత ఒకరు ఈదాలి, వేరే ఊరు, పెద్ద కొలను, లోతెంతో ఎవరూ చెప్పలేదు. ఆమె వీధి చివర కొట్టులోంచి డ్రిల్లు టీచరుకు ఫోను చేసి పిల్లకు జ్వరమని చెప్పింది. పిల్లతో టీచరే నీ పేరు తీసేసిందట అని చెప్పింది. రెండు అబద్ధాలు, అటొకటి ఇటొకటి, తక్కెడ సరిపోయినట్టు. సాయంత్రం ఆ టీచరు జ్వరంగా ఉన్న పిల్లను చూద్దామని బత్తాయిలు పట్టుకుని వచ్చింది. గేటు దగ్గర పిల్ల తాడాట ఆడుతోంది. టీచరు పిల్లనూ చూసింది, వాకిట్లో నిలబడ్డ తల్లినీ చూసింది, బత్తాయిలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. పిల్ల తాడు వదిలేసి లోపలికి పరిగెత్తి తలుపేసుకుంది, టీచరు మొహం చూడకూడదని. ఇప్పటికీ ఆ టీచరు రోడ్డు మీద ఎదురైతే కూతురు అవతలి పక్కకు దాటుతుంది. ఆవిడ జుట్టు ఇప్పుడు తెల్లబడింది. చేతిసంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, చూడనట్టే వెళ్తుంది. తన భయం ఎప్పుడూ తన ఇంట్లో పడుకోదు, ఎవరింటికో వెళ్లి వాళ్ల మంచం ఆక్రమిస్తుంది.

మేస్త్రి అలమర దగ్గర నిలబడ్డాడు. సీసాలు ఒక్కొక్కటే తీసి, మూత తిప్పి, వాసన చూసి, కళ్లద్దాలు పైకెత్తి సీసాను ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చీటీ చదువుతున్నాడు. ఒకటి చదివి పెట్టి, మళ్లీ దాన్నే తీశాడు. చదివిన దాన్నే చదువుతున్నానని తెలిసి చెయ్యి ఆగిపోయింది. గదిలోంచి భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది, మెడలో కొలత టేపు, పెదవుల మధ్య గుండుసూది. సూది తీసి జాకెట్టుకు గుచ్చుకుని, "ఏవండీ, మొన్న ఆ తెల్ల కారుకు మూడు చక్రాలకు తెల్ల మూతలూ నాలుగోదానికి బూడిదరంగుదీ పెట్టి పంపలా? ఆ బండాయన ఫ్యాషనేమో అనుకున్నాడు కాబట్టి బతికిపోయాం," అంది. హాస్యంగానే అంది, కానీ కళ్లు నవ్వలేదు. ఆయనా నవ్వబోయి, సీసాను అరలో పెట్టాడు. పెట్టేటప్పుడు అర అంచు ఎక్కడుందో ముందు వేలితో తడిమి చూసుకున్నాడు. ఆ వేలు. ఆమె చూసింది. చూడకుండా ఉండాల్సింది.

గ్లాసులో అడుగున ఏదో తేటబడుతోంది. ముందు ఒక సన్నటి గీత, గాజు పగిలిందేమో అన్నంత సన్నగా. గీత కింద లేత పసుపు, పైన ఎరుపు, మధ్యలో నురగ బుడగలు దేని పక్షాన చేరాలో తేల్చుకోలేక తచ్చాడుతున్నాయి. ఒకరు బల్లను కాస్త తడితే చాలు, మళ్లీ కలిసిపోతాయి, ఇంకో అరగంట దొరుకుతుంది. ఆమె కాలి బొటనవేలు బల్ల కాలికి జానెడు దూరంలో ఉంది. తడితే ఎవరికీ తెలియదు. దేవుడా, ఇలాంటి ఆలోచన వచ్చే తల్లి కడుపున పుట్టిందా నా బంగారుతల్లి. కాళ్లు సీటు కిందికి లాక్కుని, మడమలు ఒకదానితో ఒకటి మెలేసుకుంది.

ఫోను ముగించుకుని కూతురు లోపలికి వచ్చింది. ముగ్గురూ గ్లాసు చుట్టూ చేరారు, ఆమె మాత్రం సీటులోంచి లేవలేదు. మేస్త్రి వంగి చాలాసేపు చూశాడు. "బ్రేకు నూనె," అన్నాడు. "ఇది తగిలితే లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. పంపు పోయింది, కింద కడ్డీ రబ్బర్లు కూడా పోయినట్టే." నడుం నిటారు చేసుకోవడానికి బల్లను పట్టుకోవాల్సి వచ్చింది ఆయనకు. "నేనే అయ్యుంటానమ్మాయ్. రెండు సీసాలూ ఒకే అరలో పెడతాను. చేతికి ఏది వచ్చిందో. పోసినట్టు గుర్తులేదు, అదే భయం నాకు. గుర్తుంటే తప్పు అనుకుందును. గుర్తే లేకపోతే దాన్నేమనాలి?" అని భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెబుతూనే ఉన్నావులే. రేపటి నుంచి బండ్లు తీసుకోను. ఇదొక్కటీ బాగుచేసి ఇచ్చేస్తాను." భార్య చెప్పానుగా అనలేదు. మెడలోని టేపు తీసి మెల్లగా చుట్టడం మొదలుపెట్టింది. కూతురి కోపం అంతా కారిపోయింది, "అయ్యో బాబాయ్, అదేం మాట," అంటోంది, ఆ జాలి కోపం కన్నా ఘోరంగా ఉంది. ఆడపిల్ల నిద్రపోతుంటే పక్కన కూర్చుని చూసిన తల్లి, ఒక ముసలివాడు బతికుండగానే తనను తాను సమాధి చేసుకుంటుంటే కూర్చునే చూస్తోంది.

"నేను పోశాను," అంది ఆమె.

ఎవరూ ఉలిక్కిపడలేదు. మేస్త్రి భార్య ఆమె వైపు చూసింది, కళ్లలో నీళ్లు నిండుతున్నాయి. "మీ మంచి మనసు వదినగారూ. ఆయన్ని చూసి తట్టుకోలేక అంటున్నారు." కూతురు వచ్చి పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసి, "అమ్మా, బాబాయ్ మీద నాకేం కోపం లేదులే. నువ్వెందుకు మీద వేసుకుంటావు?" అంది. ఆ చెయ్యి ఎంత వెచ్చగా ఉందో. ఎన్నేళ్లయిందో కూతురు అలా చెయ్యి వేసి. ఇక్కడితో ఆగిపోవచ్చు. చెప్పనే చెప్పింది, నమ్మకపోతే తన తప్పా? దొంగతనం చేసినదానికి దేవతని పేరు పెట్టి ఇంటికి పంపుతున్నారు, ఆటో ఎక్కడమే తరువాయి. జీవితంలో ఇంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు, ఇంత సిగ్గూ ఎప్పుడూ వేయలేదు. కూతురి చేతిని తన భుజం మీదినుంచి తనే తీసి కూతురి ఒళ్లో పెట్టింది.

"తొమ్మిది రోజుల కింద, మధ్యాహ్నం, నువ్వు పడుకున్నప్పుడు. తలుపు చాటు సీసా. అందులో సగానికి పైగా పోశాను. గరాటు లేక క్యాలెండరు కాగితం చుట్టి పెట్టాను. దాని కొస తడిసి ఊడి డబ్బాలో పడింది. వేలు పెట్టి తీయబోతే అందలేదు. అదేం చేస్తుందిలే అని మూత పెట్టేశాను."

మేస్త్రి కారు దగ్గరికి నడిచాడు. డబ్బా గొట్టాలు ఊడదీసి, తలకిందులు చేసి, అడుగునున్న జల్లెడను సన్నటి పట్టుకారుతో కెలికాడు. కెలికి, ఒక తడి ముద్దను బయటికి తీసి అరచేతిలో పరిచాడు. గోరంత కాగితం, దాని మీద సగం అరిగిన నల్లటి అంకె. కళ్లద్దాలు పైకెత్తి చూశాడు. "ఏమేవ్!" అని అరిచాడు, నాలుగడుగుల దూరంలో ఉన్న భార్యను వీధి చివరున్నట్టు పిలిచి. "నేను పోయలేదే! చూడు, నేను కాదే!" అరచెయ్యి చాపుకుని వెళ్లి ఆవిడ మొహం ముందు పెట్టాడు, అక్కడి నుంచి కూతురి దగ్గరికి వచ్చి చూపించాడు, "నేను కాదమ్మాయ్, ఎర్రదే పోశాను, సరిగ్గానే పోశాను," అని. నవ్వుతున్నాడు. తప్పు చేయలేదని తెలిసినందుకు ఒక మనిషి అంత ఆనందపడటం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ ఆనందాన్నే ఇంతసేపు తన ఒళ్లో దాచిపెట్టుకు కూర్చుంది. కూతురు కాగితం వైపు చూడటం లేదు. తల్లి తన ఒళ్లో పెట్టిన చేతిని ఇంకా అలాగే ఉంచి, దాన్నే చూస్తోంది.

మేస్త్రి భార్య మాత్రం నవ్వలేదు. చుట్టిన టేపును పిడికిట్లో పట్టుకుని ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. వదినగారూ అన్న పిలుపు ఈసారి రాలేదు.

"పోసినప్పుడు తెలియక పోశారు. అది ఎవరికైనా జరుగుతుంది, దానికి నేనేమీ అనను," అంది. "ఇందాక ఆయన అలమర దగ్గర నిలబడి ఒక్కో సీసా వాసన చూసుకుంటున్నాడే, అప్పుడు తెలుసు కదా మీకు?"

ఆమె వెతుక్కుంది. వంతెన, నీళ్లు, అగ్గిపెట్టె, తాళంచెవులు, ఇన్నేళ్లుగా అడిగిన వెంటనే చేతికందే భయాల్లో ఒక్కటైనా సాకుగా వస్తుందేమోనని లోపలంతా తడిమింది. ఏదీ రాలేదు. కూతురు వింటోంది.

"తెలుసు," అంది.